ఎండలో లోహం ఎంత కాగుతుంది? – యాస్కుని కంచుపాత్ర నుంచి తిరుమల వంటశాల వరకు

వ్యాససంగ్రహం

ఒకచోటికి చేర్చిన సూర్యరశ్మిలో లోహం ఎంత వేడెక్కుతుందన్న ప్రశ్నకు మన గ్రంథాలు మూడు తీరుల్లో సమాధానం చెప్పాయి. నిరుక్తం ఒక ప్రయోగాన్ని వర్ణించింది. కావ్యాలు ఒక మణిని ఉపమానంగా నిలిపాయి. రసశాస్త్రం వేడిమిని పిడకల లెక్కలో కొలిచింది. ఈ మూడింటినీ 19వ శతాబ్దంలో రూపొందిన వికిరణ సూత్రంతో పరీక్షించి, అలంపురం రససిద్ధుని ఐతిహ్యాన్ని ఆ వెలుగులో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. తిరుమల సౌర వంటశాలను ఆధునిక ఉదాహరణగా తీసుకున్నాను.

కీలకపదాలు: నిరుక్తం, సూర్యకాంతం, భానుపాకం, పుటం, అలంపురం, రససిద్ధుడు, వికిరణం, సౌర వంటశాల.

1. ప్రవేశిక

శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలని ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. చివరి రెండూ నేటి జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఉన్నాయి. శ్రీశైలానికి, రసవాదానికి ఉన్న సంబంధం చాలా పాతది. నాగార్జునుని పేరు మీద ప్రచారంలో ఉన్న రసవాద కథలన్నీ ఆ కొండ చుట్టూ తిరుగుతాయి. పశ్చిమద్వారమైన అలంపురానికీ ఆ వారసత్వంలో వాటా దక్కింది. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు 7వ శతాబ్ది నాటి బాదామి చాళుక్యుల నిర్మాణాలని చరిత్రకారులు నిర్ణయించారు. స్థలపురాణం మాత్రం ఆ పనిని రససిద్ధుడనే యోగికి అప్పగించింది. ఆయన హీనలోహాలను బంగారంగా మార్చి, ఆ ధనంతో గుడులు కట్టించాడని కథ. ఆ తొమ్మిదింటిలో ఒకటి అర్కబ్రహ్మ ఆలయం. అర్కుడంటే సూర్యుడు కదా.

ఈ ఐతిహ్యాన్ని తరగతిలో ప్రస్తావించినప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “సార్, సూర్యకాంతమణి పట్టి ఎండతోనే బంగారం కరిగించారేమో?” కాదని కొట్టిపారేయడం సులభం. అవునని మురిసిపోవడం ఇంకా సులభం. నాకు ఆ రోజు రెండూ న్యాయమనిపించలేదు. తెలుగు చదివినవాడికి భౌతికశాస్త్రంతో పనేమిటని అడిగేవారు ఉండవచ్చు. ఇటికాలపాడు స్వగ్రామంగా గల, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాలను జనజీవనానికి సాక్ష్యాలుగా విచారించారు. ఏ కవి ఏ ఆట పేరు చెప్పాడు, ఏ వంటకం పేరు చెప్పాడు అని వెతికి, వాటిని లోకంలోని వస్తువులతో సరిపోల్చి చూశారు. గ్రంథంలో ఉన్నది లోకంలో ఎంతవరకు నిలుస్తుందని అడగడం ఈ మట్టిలో పుట్టిన పద్ధతే. ఇక్కడ సరిపోల్చవలసిన వస్తువు వేడిమి. దానికి లెక్క కావాలి. అంతే తేడా.

2. యాస్కుని వాక్యం

నిరుక్తం ఏడవ అధ్యాయంలో వైశ్వానరుడెవరన్న చర్చ ఉన్నది (7.23). వైశ్వానరుడు మధ్యమస్థానంలోని దేవతా, ఆదిత్యుడా, ఈ భూమి మీది అగ్నియా అని యాస్కుడు పూర్వుల మతాలను వరుసగా పెడతాడు. భూలోకాగ్నియే వైశ్వానరుడన్న శాకపూణి పక్షాన్ని వివరిస్తూ, ఈ అగ్ని పై రెండు జ్యోతుల నుంచి ఎలా పుడుతుందో చూపుతాడు. మెరుపు నుంచి పుట్టే తీరు ఒకటి, సూర్యుని నుంచి పుట్టే తీరు మరొకటి. ఆ రెండవ చోట మన ప్రశ్నకు సంబంధించిన వాక్యం వస్తుంది. దాని సారం ఇది: సూర్యుడు ఉత్తరానికి మళ్ళిన తొలినాళ్ళలో, కంచుపాత్రను గాని మణిని గాని బాగా తుడిచి, సూర్యునికి ఎదురుగా పట్టి, కాంతి తిరిగివచ్చి చేరే చోట ఎండిన ఆవుపేడను తగలకుండా ఉంచితే అది మండుతుంది.

ఈ వాక్యం చర్చ మధ్యలో ఒక దృష్టాంతంగా వచ్చింది. యాస్కునికి దీనితో అద్భుతం చూపాలన్న కోరిక లేదు. అందరికీ తెలిసిన సంగతిని గుర్తు చేస్తున్న స్వరం అది. అందుకే దీనికి విలువ ఎక్కువ. ఇందులో పాత్ర ఏ లోహానిదో ఉన్నది (కాంస్యం, దాని తద్భవమే మన కంచు). చేయవలసిన సంస్కారం ఉన్నది, తుడవడం. కాలం, దిశ, ఇంధనం, ఆ ఇంధనం ఎండి ఉండాలన్న నియమం ఉన్నాయి. అన్నిటినీ మించి ‘తగలకుండా’ అన్న మాట ఉన్నది. పాత్ర వేడికి పేడ అంటుకోలేదు, పాత్ర తిప్పిపంపిన వెలుగుకే అంటుకున్నదని ఆ ఒక్క మాట తేల్చివేసింది. ఇవన్నీ ఉన్నందువల్ల ఈ వాక్యం లెక్కకు అందుతుంది. అయితే లెక్క కట్టే సూత్రం అందుబాటులోకి రావడానికి 1879 దాకా ఆగవలసివచ్చింది.

3. సంఖ్య పుట్టిన తీరు

ఎండలో పెట్టిన లోహం ఎక్కడిదాకా వేడెక్కుతుంది? దానిలోకి వచ్చే వేడి, దాని నుంచి పోయే వేడి సమానమయ్యేదాకా. నిండే కుండకు అడుగున చిల్లు ఉంటే నీరు ఒక మట్టం దగ్గర నిలబడిపోయినట్లే ఇదీ. పోయే దారులు మూడు. ఆనుకుని ఉన్న వస్తువులోకి వహనంగా పోతుంది, గాలితో సంవహనంగా పోతుంది, వెలుగులాగా అన్ని వైపులకు వికిరణంగా పోతుంది. వేడిమి పెరిగేకొద్దీ మూడవ దారి విపరీతంగా వెడల్పవుతుంది.

ఎంత వెడల్పవుతుందో చెప్పినవాడు వియన్నాలో పనిచేసిన జోసెఫ్ స్టీఫాన్. వస్తువు వికిరణం చేసే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని 1879లో ఆయన ప్రతిపాదించాడు. పరమ ఉష్ణోగ్రత రెట్టింపైతే వికిరణం పదహారు రెట్లవుతుందన్నమాట. ఆ సూత్రంతో ఆయన చేసిన తొలి పనుల్లో ఒకటి సూర్యుని ఉష్ణోగ్రతను అంచనా కట్టడం. అందుకు ఆయనకు దొరికిన ఆధారం కాగిన లోహపు రేకే. స్విట్జర్లాండుకు చెందిన సోరె అంతకుముందు ఒక పలుచని లోహపు రేకును సుమారు 1,900 నుంచి 2,000 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, ఆకాశంలో సూర్యబింబం ఎంత కనిపిస్తుందో కంటికి అంతే కనిపించే దూరంలో పెట్టి పోల్చాడు. సూర్యుని నుంచి వచ్చే వేడి ఆ రేకు వేడికి 29 రెట్లు ఉన్నది. వాతావరణం మూడవ వంతు మింగేస్తుందని తీసుకుని స్టీఫాన్ ఆ 29ని 43.5 చేశాడు. 43.5కు నాలుగవ మూలం సుమారు 2.57. రేకు పరమ ఉష్ణోగ్రతను దానితో గుణిస్తే సుమారు 5,700 కెల్విన్ వచ్చింది. నేడు అంగీకరిస్తున్న విలువ 5,772. రేకు నుంచి సూర్యుని దాకా వెళ్ళిన ఆ లెక్కనే మనం సూర్యుని నుంచి రేకు దాకా వెనక్కి నడిపించవచ్చు.

ముందు ఏ అద్దమూ లేని ఎండను చూద్దాం. గద్వాలలో వేసవి మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలనీ, చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ నేరుగా పడుతున్నదనీ అనుకుందాం. నల్లరంగు వేసిన ఇనుపరేకు కింద గడ్డి వంటిది దట్టంగా పరిచి ఉండి, పైన తేలికపాటి గాలి ఆడుతుంటే రేకు సుమారు 85 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కింద కూడా గాలి ఆడితే 63కు దిగుతుంది. రేకుల ఇంట్లో కాపురం ఉన్నవారికి ఈ అంకెలు కొత్త సంగతేమీ చెప్పవు. కింద వరిగడ్డి పరిస్తే గది చల్లబడుతుంది, రేకు మాత్రం ఇంకా మండుతుంది. రెండూ ఒకే లెక్కలోని రెండు కొసలు.

ఇప్పుడు అద్దాలతో ఆ ఎండను ఒకచోటికి చేర్చామనుకుందాం. గాలిని, వహనాన్ని పక్కన పెట్టి, ఒకవైపు నుంచి మాత్రమే వికిరణం చేసే పూర్తి నల్లని తలాన్ని తీసుకుంటే, 10 రెట్లు చేర్చిన ఎండలో అది సుమారు 365 డిగ్రీలకు చేరుతుంది. 100 రెట్లయితే 850. 1,000 రెట్లయితే 1,720. ఎండను పదింతలు చేసిన ప్రతిసారీ పరమ ఉష్ణోగ్రత 1.78 రెట్లే పెరుగుతున్నది. నాలుగవ ఘాతం చూపే పిసినారితనం ఇది. దీన్ని తిరగేస్తే లోహాలను కరిగించడానికి కనీసం ఎన్ని రెట్ల ఎండ కావాలో తెలుస్తుంది. తగరానికి (232 డిగ్రీలు) మూడున్నర రెట్లు. సీసానికి (327) ఏడున్నర. వెండికి (962) 147. బంగారానికి (1,064) 201. రాగికి (1,085) 214. ఇనుముకు (1,538) 680. గాలి, వహనం తమ వంతు తీసుకుంటాయి కాబట్టి వాస్తవంలో ఇంతకంటె ఎక్కువే కావాలి. తగరం, సీసం ఒక గుంపు, వెండి బంగారాలు రాగి ఒక గుంపు, ఇనుము ఒంటరి. ఈ మూడు మెట్లను మనసులో ఉంచుకుని గ్రంథాల దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

4. కంచుపాత్ర నిలిచిందా?

యాస్కుని పాత్ర మూతి వ్యాసం 20 సెంటీమీటర్లనుకుందాం. లోతైన గిన్నె పనికిరాదు. దాని అంచుల నుంచి వచ్చే వెలుగు ఒకచోట చేరదు. చిప్పలాగా లోతు తక్కువగా ఉండాలి. సుత్తితో కొట్టి చేసిన పాత్ర గనుక వెలుగు 3 సెంటీమీటర్ల చుక్కగా చేరుతుందని, బాగా తుడిచిన కంచు నూటికి 60 వంతుల వెలుగును తిప్పి పంపుతుందని తీసుకుంటే, చుక్కలోని ఎండ మామూలు ఎండకు దాదాపు 27 రెట్లు. చుక్క అంతే ఉన్న, మసి పట్టిన పలుచని ఇనుపరేకును అక్కడ పెడితే, రెండువైపులా గాలి తగులుతున్నా అది సుమారు 360 డిగ్రీలకు చేరుతుంది. ఎండిన పేడ, గడ్డి వంటి పదార్థాలు 200 నుంచి 300 డిగ్రీల మధ్య మాడి పొగలు కక్కడం మొదలుపెడతాయి. కనుక యాస్కుని మాట నిలిచింది.

అదే పాత్రను తుడవకుండా వదిలి, చిలుము పట్టి నూటికి 20 వంతులే తిప్పి పంపే స్థితిలో పెడితే రేకు 200 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పేడ అంటుకోవడం అనుమానం. తుడిచి ఉండీ, పాత్ర వంపు సరిగా లేక చుక్క 6 సెంటీమీటర్లకు వ్యాపిస్తే 170 కూడా దాటదు. పేడ వెచ్చబడి ఊరుకుంటుంది. కాబట్టి ఆ వాక్యంలో తుడవడాన్ని చెప్పే పదం పాదపూరణం కాదు. దాన్ని తీసేస్తే ప్రయోగం విఫలమవుతుంది. చేసి చూడనివారు ఆ పదం వేయరు.

కాలనిర్దేశం గురించి కూడా ఒక మాట. సూర్యుడు ఉత్తరానికి మళ్ళిన తొలినాళ్ళంటే చలికాలం. నిప్పు పుట్టించడానికి వైశాఖమో జ్యేష్ఠమో ఎంచుకోవాలి గాని పుష్యమాఘాలేమిటని మొదట నాకూ అనిపించింది. అయితే లెక్కలో గాలి వేడి ప్రాధాన్యం చాలా తక్కువ. 360 డిగ్రీల వస్తువుకు చుట్టూ గాలి 20 డిగ్రీలున్నా 40 ఉన్నా వచ్చే తేడా స్వల్పం. కావలసింది నేరుగా వచ్చే కిరణం. వేసవి దుమ్ము, మసక ఆ కిరణాన్ని చెదరగొడతాయి. చలికాలపు నిర్మలమైన ఆకాశం చెదరగొట్టదు. పాత్రను సూర్యునికి ఎదురుగానే పడతాం గనుక సూర్యుడు కిందుగా ఉన్నా నష్టం కొద్దిగానే. ఒళ్ళు మండే ఎండ వేరు, పేడను మండించే ఎండ వేరు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఆ పాత్ర పోగుచేసే శక్తి మొత్తం 17 వాట్లు. పేడను ముట్టించిన ఆ పాత్రతోనే ఒక లీటరు నీళ్ళు కాచబోతే, ఒక్క వాటు కూడా వృథా పోకపోయినా, మరగడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. ఎంత వేడిమి అన్నది ఒక ప్రశ్న, ఎంత వేడి అన్నది మరొక ప్రశ్న. ఐతిహ్యాలు ఈ రెండింటినీ కలిపేస్తాయి.

5. మణి కవుల చేతికి వచ్చాక

యాస్కుడు కంచుతో పాటు చెప్పిన మణి తరువాతి సాహిత్యంలో సూర్యకాంతమైంది. కాళిదాసు శాకుంతలం రెండవ అంకంలో తపోధనులను సూర్యకాంతాలతో పోల్చాడు. తాకితే చల్లగా ఉంటాయి, మరొక తేజస్సు తమను ఆక్రమిస్తే నిప్పు కక్కుతాయి. చాలా గొప్ప ఉపమానం. తెలుగు కావ్యాలకూ ఈ మణి వర్ణనసామగ్రిలో భాగంగానే సంక్రమించింది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల పండితసభల్లో సూర్యకాంత చంద్రకాంతాలు తెలియని కవి ఉండి ఉండడు.

కాని కావ్యాల్లోని మణి ఏం చేస్తున్నది? కిరణం తాకగానే తనలోంచి నిప్పు స్రవిస్తున్నది. చంద్రకాంతం నీరు స్రవించినట్లే ఇదీ. ఎండు పేడ లేదు, పట్టవలసిన దూరం లేదు, తుడవడం లేదు. నిరుక్తంలో వెలుగు చేరే చోటు ఒకటున్నది. కావ్యంలో ఆ చోటు మాయమై, నిప్పు మణి లోపలికే వెళ్ళిపోయింది. నిజానికి స్ఫటికంతో చేసిన భూతద్దం వెలుగు పడుతున్నప్పుడు తాను చల్లగానే ఉంటుంది. కిరణాన్ని వంచడమే తప్ప దాచుకోవడం దాని పని కాదు. కాళిదాసు చెప్పిన ఆ ‘చల్లగా ఉంటుంది’ అన్న ఒక్క లక్షణం మాత్రం చూసి చెప్పినట్లుంది. తక్కినది కవిసమయం. సూర్యకాంత ప్రస్తావనలను లెక్కపెట్టి మన పూర్వులకు సౌరకొలిమి తెలుసుననడం, చకోరాల ప్రస్తావనలను లెక్కపెట్టి వెన్నెల తాగే పక్షుల సంఖ్య తేల్చడం వంటిది.

6. పిడకల లెక్క

వేడిమిని నిజంగా అదుపు చేయవలసివచ్చినవారు కవులు కారు, రసవైద్యులు, లోహకారులు. వారి గ్రంథాల్లో వేడిమికి రెండు కొలమానాలున్నాయి. ఒకటి కంటికి కనిపించే గుర్తు. కరుగుతున్న బంగారం మీద మంట పసుపు, వెండి మీద తెలుపు, రాగి మీద నీలం, తగరం మీద పావురం రంగు, సీసం మీద మసక పొగ అని రసార్ణవం చెబుతుంది. రెండవది ఇంధనపు రాశి. రసరత్నసముచ్చయం వంటి గ్రంథాల్లో గజపుటం, వరాహపుటం, కుక్కుటపుటం అనే పేర్లు గుంట కొలతను, అందులో వేసే ఏరుపిడకల సంఖ్యను తెలుపుతాయి. గజపుటానికి మందుపాత్ర కింద వెయ్యి, పైన అయిదువందలు. నేటి పరికరాలతో కొలిచినప్పుడు గజపుటం గరిష్ఠంగా 900 నుంచి 1,000 డిగ్రీల వరకు వెళ్ళినట్లు తేలింది. డిగ్రీ అనే ఊహ లేకుండానే, ఒకే కొలత గుంటలో ఒకే లెక్క పిడకలు వేసి, ఒకే వేడిమిని మళ్ళీమళ్ళీ రప్పించారు. దీన్ని నేను తక్కువ సంగతిగా చూడను.

మరి ఈ గ్రంథాల్లో సూర్యుడు లేడా? ఉన్నాడు. లోహభస్మానికి చేసే మూడు పాకాల్లో మొదటిది భానుపాకం, తరువాతివి స్థాలీపాకం, పుటపాకం. భానుపాకంలో ఇనుపరజను త్రిఫలా కషాయంలో వేసి ఎండలో ఇంకిపోయేదాకా ఉంచుతారు. మళ్ళీ కషాయం పోసి మళ్ళీ ఎండబెడతారు. ఏడుసార్లు చేయాలని చెబుతారు. ఇక్కడ ఎండ చేసే పని లోహాన్ని కరిగించడం కాదు. తడి ఉన్నంతసేపు ఆ పాత్ర నీళ్ళ మరుగుదశకు చాలా దిగువనే ఉంటుంది. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో మెల్లగా కలిసి నల్లబడుతుంది. మన వ్రాతప్రతుల కరక్కాయ సిరాలో జరిగేదీ ఇదే. అంటే రసశాస్త్రం సూర్యుని మెల్లని, ఎక్కువసేపు నిలిచే వేడికి వినియోగించింది. తీక్ష్ణమైన వేడికి మూస, కొలిమి, బొగ్గు, తిత్తులను ఆశ్రయించింది. ఎవరి శక్తి ఎంతో ఆ వృత్తికి తెలుసు.

ఆ తెలివి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వనపర్తిలోనైనా నాగర్‌కర్నూలులోనైనా ఇత్తడి బిందెకు కళాయి పూసేవారు థర్మామీటరు పెట్టరు. కాగిన బిందెలో నవాసాగరం చల్లగానే లేచే తెల్లని పొగను చూసి, తగరం కడ్డీని ఆనించి, అది జారిందా లేదా అన్నదానితో తేల్చుకుంటారు. తగరం కరిగిందంటే 232 డిగ్రీలు దాటినట్లే. ఆయన దగ్గర అంకె లేదు గాని కొలమానం ఉన్నది.

7. రససిద్ధుని బంగారం

ఇక విద్యార్థి ప్రశ్న. ఎండతో బంగారం కరుగుతుందా? కరుగుతుంది. 201 రెట్ల ఎండ నష్టం లేకుండా అందితే చాలు. 20 సెంటీమీటర్ల కంచుచిప్ప ఆ పని చేయాలంటే, నూటికి 40 వంతుల నష్టం పోను, వెలుగును 11 మిల్లీమీటర్ల చుక్కలోకి చేర్చాలి. అదీ గాలి సోకకుండా, లోహం వేడిని ఎటూ జారనీయకుండా. ప్రకృతి అందుకు అడ్డు చెప్పదు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు కాబట్టి ఖచ్చితమైన వంపు గల దర్పణంలో చుక్క ఇంకా చిన్నదిగా కూడా రావచ్చు. దర్పణం ఎంత మంచిదైనా నాభి దగ్గర సూర్యుని సొంత ఉష్ణోగ్రతను మించడం మాత్రం అసాధ్యం. అడ్డు వచ్చేది సుత్తి. చేతితో కొట్టిన కంచుకు ఆ ఖచ్చితత్వం రాదు.

ఐరోపాలో ఈ మెట్టు దాటడానికి 17వ శతాబ్ది చివర చిర్న్‌హౌస్ వంటివారు పెద్ద పెద్ద రాగి దర్పణాలను, గాజు కటకాలను ఓపికగా సానపట్టవలసివచ్చింది. లోహాలను, పింగాణీ మట్టిని ఆయన వాటితో కరిగించాడు. 1747లో బుఫాన్ అనేక సమతల దర్పణాలను ఒకేచోటికి గురిపెట్టి దూరంలోని కొయ్యను తగలబెట్టాడు. 19వ శతాబ్దంలో బొంబాయిలో విలియం ఆడమ్స్ అదే దారిన అద్దాలు పేర్చి ఆవిరి పుట్టించి, 1878లో దాని మీద పుస్తకం ప్రచురించాడు. ఫ్రాన్సులోని ఓడియో సౌరకొలిమి ఎండను సుమారు 10,000 రెట్లకు చేర్చి 3,000 డిగ్రీలకు పైగా రాబడుతున్నది. మన సూత్రం 10,000 రెట్లకు ఇచ్చే విలువ సుమారు 3,280 డిగ్రీలు. సూత్రం దారి తప్పలేదని దీనివల్ల నమ్మకం కలుగుతుంది.

ఇన్ని దర్పణాలకూ వెనుక సానబట్టినవారి శ్రమ, విరిగిన గాజు, ఖర్చు పెట్టిన ప్రభువుల లెక్కలు ఆనవాళ్ళుగా మిగిలాయి. రససిద్ధుని కథలో అటువంటి ఆనవాలు ఏదీ లేదు. కథ కూడా సూర్యుని పేరెత్తదు. అది రసవాదాన్ని చెబుతుంది, ఎండను కాదు. అర్కబ్రహ్మ అన్న పేరును, పద్మబ్రహ్మ ఆలయంలోని స్ఫటికలింగాన్ని, రససిద్ధుని బంగారాన్ని ఒక తాడుకు గుచ్చి సౌరకొలిమి చేయాలన్న కోరిక మనది. ఆ కోరిక తీర్చుకోవడానికి అలంపురం చరిత్రను వాడుకోవడం, ఆ క్షేత్రపు శాసనాల కోసం, శిల్పాల కోసం జీవితం ధారపోసిన గడియారం రామకృష్ణశర్మ వంటి పెద్దల శ్రమకు తగిన మర్యాద కాదు. రససిద్ధుని కథకు వేరే విలువ ఉన్నది. రాజులు కట్టించిన గుడుల ఖ్యాతిని జనం ఒక యోగికి ఎందుకు కట్టబెట్టారన్నది సాంఘిక చరిత్ర తేల్చవలసిన ప్రశ్న. దానికి దర్పణంతో పని లేదు.

8. తిరుమలలో 180 డిగ్రీలు

కేంద్రీకరించిన ఎండ తెలుగునేల మీద పెద్ద ఎత్తున పనిలోకి వచ్చింది ఒక గుడి వంటశాల ద్వారానే. 2002లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నప్రసాద వంటశాల కోసం 106 షెఫ్లర్ డిష్‌లను ఏర్పాటు చేసింది. వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ 1980లలో రూపొందించిన ఈ దర్పణం సూర్యునితో పాటు తిరుగుతున్నా దాని నాభి మాత్రం కదలదు. ఒక్కొక్క డిష్ వైశాల్యం 9 చదరపు మీటర్లకు కొంచెం పైన. అన్నీ కలిసి రోజుకు 4,000 కిలోల ఆవిరిని, చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనం వద్ద, 180 డిగ్రీల వేడిమిలో ఇచ్చే విధంగా, సుమారు 15,000 మందికి వంటకు సరిపోయేలా దీన్ని రూపొందించారు. మబ్బు పట్టినప్పుడు తోడుగా పాత డీజిల్ బాయిలర్ ఉన్నది.

డిష్ ఒక్కంటికి రోజుకు 38 కిలోల ఆవిరి. మామూలు నీటిని ఈ ఆవిరిగా మార్చడానికి అవసరమైన శక్తిని లెక్కిస్తే, నిర్మలమైన రోజున ఆ దర్పణాల మీద పడే ఎండలో దాదాపు సగం వంటకు అందుతున్నది. యాస్కుని పాత్ర 17 వాట్లకు పరిమితమైన చోట ఇక్కడ వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లకు దగ్గరగా ఉన్నది. గెలిచింది వేడిమి తీక్ష్ణత కాదు, చేట వెడల్పు.

అయితే నాభి దగ్గర ఉన్న లోహం వేడిమి ఎంత? ఎండ అక్కడ 50 రెట్లు చేరుతుందనుకుంటే, ఖాళీగా ఉన్న నల్లని తలానికి మన సూత్రం 670 డిగ్రీలు ఇస్తుంది. మరి 180 ఎక్కడిది? ఆ పీడనం దగ్గర నీరు మరిగే వేడిమి 180. లోహపు గోడకు అవతల నీరు మరుగుతున్నంతసేపు ఆ గోడ నీటి కంటె కొద్దిగా మాత్రమే పైన ఉండగలదు. లోహం ఎంత కాగుతుందో నిర్ణయించేది అద్దం ఒక్కటే కాదు, వేడిని తీసుకుపోయేది కూడా. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో ఉత్పత్తి మొదలుపెట్టిన 50 మెగావాట్ల సౌర ఉష్ణ విద్యుత్కేంద్రంలో దొన్నె ఆకారపు పొడవాటి దర్పణాల నాభిలో ఉక్కుగొట్టం, దానిలో నూనె ఉంటాయి. నీటి స్థానంలో నూనె ఉండడంతో ఈ తరహా కేంద్రాల్లో వేడిమి 390 డిగ్రీల దాకా వెళ్ళగలుగుతుంది. నూనె విరిగిపోతుంది కాబట్టి అంతకు మించి పోనీయరు. అటువంటి గొట్టాలకు ఎండను నూటికి 95 వంతుల దాకా పీల్చి, తన వేడిని పదవ వంతు మాత్రమే వికిరణంగా వదిలే పూతలు కావాలి. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనాకేంద్రం ఇటువంటి పూతల మీద పనిచేసింది. కుండ నిండే దారిని వెడల్పు చేసి, అడుగు చిల్లును సన్నం చేసే ప్రయత్నమే ఆ పూతలు.

తిరుమల తరహా ఏర్పాటులో అసలు జాగ్రత్త ఇక్కడే. ఏ కారణం చేతనైనా నీటి ప్రవాహం ఆగితే, ఎండ ఆగదు. 180 దగ్గర ఉన్న గోడ ఆ 670 వైపు బయలుదేరుతుంది. మామూలు ఉక్కు 450 డిగ్రీలు దాటితే లోపలి పీడనానికి నిలిచే బలాన్ని వేగంగా కోల్పోతుంది. అందువల్ల ఇటువంటి చోట డిష్‌ను సూర్యుని నుంచి కాస్త పక్కకు తిప్పి, చుక్కను లోహం మీద నుంచి తప్పించే ఏర్పాటు తప్పనిసరి. కొన్ని డిగ్రీల మలుపు చాలు. వెలుగు అప్పుడు ఖాళీ గాలిలో చేరి, ఏ లోహాన్నీ తగలకుండా మళ్ళీ విడిపోతుంది.